జిల్లా పంచాయతీలో వ్యయ ప్రతిపాదనల పరిశీలన

నాగరగెరె ప్రాంతం నుండి బ్రతుకుతెరువు కోసం నగరాలకు చేరినవారికి కూడ సొంత ఊరి బడి, చెరువుకట్ట, త్రాగునీరు తమ విషయాలే. వాటికి ధనం ఏ మార్గాన మంజూరవుతుందో ఈ పాఠంలో తెలుసుకుందాం.

కర్ణాటకలో 1993 నాటి పంచాయతీరాజ్ చట్టం ప్రకారం జిల్లా పంచాయతీకి స్థాయీ సమితులు ఉంటాయి. వాటిలో ఒకటి ఆర్థిక, లెక్కపరిశోధన, ప్రణాళికా సమితి. బడ్జెట్ రూపకల్పన, జమాఖర్చుల తనిఖీ, ఆర్థిక భారం గల ప్రతిపాదనల పరిశీలన దాని విధులు. ఇట్టి పరిశీలనలో నాలుగు ప్రశ్నలు ముఖ్యం: పని అవసరమా? అంచనా సరియైనదా? నిధి ఏ పద్దులో ఉన్నది? నిర్వహణ వ్యయం ఎవరు భరిస్తారు?

చిక్కబళ్ళాపుర జిల్లాలో 2016లో ఎన్నికైన సభ్యుల పదవీకాలం 2021లో ముగిసింది. ఆపై ఎన్నికలు ఆలస్యమై, పాలన పరిపాలనాధికారుల చేతికి వెళ్ళింది. ఎన్నికైన సభ్యులు లేనప్పుడు ఈ ప్రశ్నలు ప్రజల పక్షాన అడిగేవారు సమితిలో ఉండరు. కనుక గ్రామసభ విలువ మరింత పెరుగుతుంది.

కొత్త ఆర్థిక సంవత్సరం ఏప్రిల్ 1న మొదలవుతుంది. బడ్జెట్ ముగిశాక ఇచ్చిన విన్నపానికి పద్దు దొరకడం కష్టం. అందుచేత కోరిక ముందుగానే గ్రామసభకు చేరాలి. స్థలం, కొలతలు, లబ్ధిపొందే కుటుంబాల సంఖ్య వ్రాతపూర్వకంగా తెలిపి, స్వీకృతి రసీదు తీసుకోవాలి. మంజూరు స్థితిని 2005 నాటి సమాచార హక్కు చట్టం క్రింద నగరం నుండే అడగవచ్చు. సాధారణంగా 30 రోజులలో సమాధానం ఇవ్వాలి.