కొండవాలు ఇండ్లు: గోడలు, పునాదుల మరమ్మతు

పొలము గట్టునకు గండి పడినచో ఆనాడే పార భుజమున వేసికొని పోవు రైతు, ఇంటిగోడ బీటవారినచో మాత్రము "వచ్చే వేసవిలో చూతము" అని పైన సున్నము పూయించి యూరకుండును. సమభూమిపై నున్న యింటికి ఇట్లు చేసినను కొంతకాలము సాగవచ్చును గాని, కొండవాలున గట్టిన పాత యింటికి ఇది చెల్లదు. పాడేరు, అరకు, అనంతగిరి ప్రాంతములందు పంటల పనిమీద తిరుగునప్పుడు కాఫీ మొక్కలను గూర్చి యడిగినవారితోపాటు గోడలను గూర్చి యడిగినవారును నాకు చాలమంది తగిలినారు. నేను తాపీపని నేర్చినవాడను గాను. కాని వాలునేలపై నీరు ఎట్లు నడచునో, మన్ను ఎట్లు జారునో కనిపెట్టుట నా వృత్తి. పునాదులకు వచ్చు వ్యాధులలో చాలభాగము ఆ రెంటినుండియే పుట్టుచున్నవి.

వాలున ఇల్లు కట్టువారు ఎగువవైపు మన్ను త్రవ్వి, ఆ మన్నునే దిగువవైపు పోసి చదును చేయుదురు. కావున ఇంటిలో సగము త్రవ్విన గట్టినేలమీదను, సగము పోసిన వదులునేలమీదను నిలుచును. పోసిన మన్ను ఏండ్ల తరబడి కొంచెము కొంచెముగా దిగును; త్రవ్విన నేల అంతగా దిగదు. ఒకే గోడ ఈ రెంటిమీదను నిలిచినప్పుడు నడుమ చీలుట సహజము. తూర్పుకనుమలలో విస్తారముగా నున్న రాయి ఖోండలైటు. ఖోండు జాతివారి పేరిట దానికి ఆ పేరు వచ్చినది. అందు ఎఱ్ఱని గార్నెట్ గింజలు కానవచ్చును. చెడకున్నంతవఱకు అది గట్టి రాయియే. కాని ఎండవానలకు మార్పుచెంది ఎఱ్ఱని జిగురుమన్నుగా దిగజారు స్వభావము దానికి కలదు. పైకి రాయివలె తోచు పొర పలుగుతో పొడిచినచో పిండిపిండిగా రాలుటయు కలదు. కనుక "మా యిల్లు రాతిమీద నున్నది" యను ధైర్యము పొడిచి చూచినగాని పెట్టుకొనరాదు.

మొదట బీటను చదువుట నేర్వవలెను. పూతలో మాత్రమే వెండ్రుకలవలె అల్లుకొనిన గీతలకు భయపడనక్కఱలేదు. గోడ మూలకు సమీపమున మెట్లు మెట్లుగా ఏటవాలున ప్రాకి, క్రింద సన్నముగను పైన వెడల్పుగను ఉన్న బీట, ఆ మూల దిగి వెలుపలికి ఒరగుచున్నదని చెప్పును. ఎగువవైపు గోడ నడిమెత్తున అడ్డముగా చీలి కడుపు లోపలికి ఉబ్బినచో, వెనుక నానిన మన్ను దానిని త్రోయుచున్నదని తెలియవలెను. నిన్నటివఱకు చక్కగా పడిన తలుపు నేడు ద్వారబంధమునకు పట్టుట కూడ ఒక వార్తయే. తరువాత ఆ బీట పాతదా, నేటికిని నడచుచున్నదా అని తేల్చవలెను. దీనికి ఖర్చు లేదు. బీటకు అడ్డముగా బెత్తెడు పొడవున సున్నపుబిళ్ళ నంటించి, దానిపై తేది వ్రాయుడు. ఇరువైపుల చెరియొక మేకు కొట్టి, నడిమి దూరమును నెలకొకసారి కొలిచి పుస్తకమున వ్రాసికొనుట ఇంకను మంచిది. ఒక వానకాలము, ఒక వేసవి గడచునంతవఱకు ఇట్లు చూడవలెను. బిళ్ళ పగులకున్నచో బీట నింపుకొనిన చాలును. పగిలినచో పునాదివద్దకు పోవలెను. అయితే పునాదికంటె ముందు నీటివద్దకు పోవలెను.

పొడవు 30 అడుగులు, వెడల్పు 20 అడుగులు గల కప్పుమీద ఒక అంగుళము వాన కురిసినచో ఎంత నీరగునో లెక్క వేయుడు. 600 చదరపుటడుగులను 12చే భాగింపగా 50 ఘనపుటడుగులు. అనగా సుమారు 1,400 లీటర్లు. ఇంత నీరును చూరునుండి గోడమొదట పడి, ఆ పోసిన మన్నులోనికే ఇంకుచున్నది. చూరుక్రింద రేకుదోనె గాని చీల్చిన వెదురుదోనె గాని కట్టి, నీటిని దూరముగా రాతికాలువలో దింపవలెను. ఎగువవైపు, గోడకు 6 అడుగులకు తక్కువగాని దూరమున, వాలునకు అడ్డముగా ఒక కాలువ త్రవ్వి, అడుగున రాయి పఱచి సందులు పూడ్చి, 100 అడుగులకు 1 లేక 2 అడుగుల వాటమిచ్చి, ప్రక్క వాగులోనికి మరల్చవలెను. పొరుగువాని పెరటిలోనికి మరల్పరాదని వేఱుగ చెప్పవలెనా యని కొందఱు నవ్వవచ్చును. నేను తీర్పబోయి తీర్పలేకపోయిన తగవులలో ఇట్టివి పెక్కు కలవు. అడుగు పఱవని కాలువ మేలుకంటె కీడే చేయును. కొండనీటిని పోగుచేసి పునాదికి త్రాపును. ఎగువన మరుగుదొడ్డి గుంత, అరటిపాదు, ఇంకుడుగుంత ఉండరాదు. కర్షకులమగుటచే మనము ఇంకుడుగుంతను పుణ్యకార్యముగా తలంతుము. అది ఇంటికి బాగుగా దిగువన నున్నప్పుడే పుణ్యము.

గోడ విషయమున నేను చేసిన పొరపాటును చెప్పుకొనెదను. మా తండ్రిగారి యిల్లు రాతిగోడ; అడుసుతో గట్టి పైన సున్నపుగార వేసినది. క్రిందిభాగమున గార రాలుచుండగా నేను పట్టుపట్టి మూడడుగుల యెత్తున సిమెంటుపూత వేయించితిని. ముసలి మేస్త్రి "అయ్యా, గోడకు ఊపిరాడదు" అనెను. చదువుకొన్నవాడనను గర్వమున నేను వినలేదు. రెండేండ్లకు తడి ఆ పూత పైయంచును దాటి ఎగబ్రాకినది. మూడవయేట పూత పలకలుగా ఊడి, రాతిసందులలోని అడుసును కూడ లాగికొనివచ్చినది. మన్నును సున్నమును తడిని పీల్చి మరల గాలికి విడుచును. సిమెంటు దానిని లోపలనే బంధించును. అదియునుగాక మెత్తని గోడపై బిరుసైన పూత వేసినచో, గోడ కొంచెము కదలినను అది ఇమడలేక పగులును. ఆ సిమెంటును మొత్తము చెక్కించి మరల సున్నము వేయించితిని. అప్పటికి ఆ మేస్త్రి లేడు. ఆయన కుమారుడు వచ్చి చేసెను.

అట్టి గోడకు సందులలోని చెడిన అడుసును ఒక అంగుళము లోతువఱకు గోకి, దుమ్ము కడిగి, రాళ్లను తడిపి, సున్నము 1 పాలు, ఇటుకపొడి 1 పాలు, శుభ్రమైన గరుకు ఇసుక 2 పాళ్లు చేర్చి బాగుగా నూఱి కూరవలెను. బెల్లపునీరు, కరకకాయ నీరు కలుపు పూర్వాచారమును కొందఱు మేస్త్రులు మానలేదు. అవి లేకున్నను పని చెడదు. త్వరగా ఎండనిచ్చినచో చెడును. వారము పదిదినములు తడిగోనె కప్పవలెను. సున్నపురాయిని నీట చల్లార్చునప్పుడు అది కుతకుత ఉడుకును. పిల్లలను దరికి రానీయరాదు. కంటబడినచో చూపు పోవచ్చును.

మన పాత రాతిగోడలకు మఱియొక లోపము కలదు. వెలుపల నొక వరుస, లోపల నొక వరుస రాళ్లు పేర్చి, నడుమ చిల్లరరాళ్లు, మన్ను నింపుదురు. రెంటిని పట్టియుంచు అడ్డురాళ్లు లేనిచో, నడిమి మన్ను నాని దిగి, వరుసలు రెండును విడిపోవును. 1993 సెప్టెంబరు 30వ తేదిని లాతూరు ప్రాంతమున భూకంపము వచ్చినప్పుడు ఇట్టి మందపు రాతిగోడలే కూలి వేలమంది మరణించిరి. గోడ మందమంతయు పట్టు అడ్డురాయి, నిలువున రెండడుగులకు, అడ్డమున నాలుగడుగులకు ఒకటి చొప్పున ఉండవలెను. కట్టియున్న గోడలో దీనిని చేర్చుటకు, ఒక రాయిని మెల్లగా సడలించి తీసి, ఆవలి ముఖమువఱకు 3 అంగుళముల రంధ్రము చేసి, రెండు కొనలు వంచిన ఇనుపకడ్డీ నుంచి కాంక్రీటు నింపుదురు. సుత్తితో గట్టిగా మోదరాదు. అప్పటికే కడుపు ఉబ్బిన భాగమును మాత్రము విప్పి కట్టుటయే మేలు.

ఇక అన్నిటికంటె అపాయకరమైనది పునాదిక్రింద క్రొత్త పునాది కట్టుట. నేనెఱిగిన యొక గ్రామమున అన్నదమ్ములిద్దఱు కూలి కలిసివచ్చునని 24 అడుగుల గోడక్రింద ఒకే దినమున మొత్తము త్రవ్విరి. సాయంకాలము పనివారు చేతులు కడుగుకొన పోయినప్పుడు గోడ కూర్చున్నది. అయిదు నిమిషముల ముందైనచో నలుగురు పోయెడివారే. ఆ గోడను ఆరు భాగములు చేసి, నాలుగేసి అడుగులకు సుద్దతో అంకెలు వ్రాయవలెను. మొదట 1, 4 భాగములు మాత్రమే త్రవ్వి, గట్టినేల తగులువఱకు పోయి, కట్టవలెను. వారము గడచినపిదప 2, 5. మరల వారమునకు 3, 6. ఏ వేళనైనను త్రవ్విన భాగమునకు ఇరుప్రక్కల నేల గాని క్రొత్తకట్టు గాని నిండుగ నుండవలెను. క్రొత్తకట్టును పాత పునాదికి తగిలించక రెండు మూడంగుళముల సందు విడిచి, రెండు దినములు ఆగి, ఆ సందులో పొడిగా కలిపిన సిమెంటు ఇసుకను కఱ్ఱతో కొట్టి కొట్టి కూరవలెను. లేనిచో క్రొత్తకట్టు తాను దిగి, పాతగోడను గాలిలో విడుచును. అడుగు వాలుగ నున్న రాతిమీద కట్టరాదు, మెట్లుగా చెక్కి చదునుమీదనే కట్టవలెను. కప్పుదూలములకు ముందే ఆనుకొయ్యలు పెట్టవలెను. పని ముగియువఱకు ఆ గదిలో ఎవరును పరుండరాదు. గోడ 10 అడుగులకు మించిన యెత్తున్నను, రెండంతస్తులున్నను మేస్త్రి మాటతో సరిపెట్టక ఇంజనీరును పిలువవలెను.

దిగువనున్న ఆనుగోడను గూర్చి కొంచెమే చెప్పెదను. అయిదడుగుల యెత్తువఱకు సున్నము లేని రాతికట్టు మంచిది, నీరు దానిగుండ కారిపోవును. అడుగు వెడల్పు ఎత్తులో సగమునకు తగ్గరాదు, ముఖము కొండవైపునకు కొంచెము వాలియుండవలెను. సిమెంటుతో కట్టినచో నాలుగైదు అడుగులకొక తూము విడిచి, వెనుక గులకరాయి నింపవలెను. తూములు లేని గోడ చెఱువుకట్ట యగును.

మరమ్మతు చేయరాని యిండ్లును కలవు. ఇంటి ఎగువన నేల వింటివలె వంగి చీలినను, చెట్లును కంబములును ఒకేవైపునకు ఒరగినను, ఎన్నడును లేనిచోట బురదనీరు ఊరినను, గోడను కాదు, మనుష్యులను కాపాడుకొనవలెను. 2024 ఆగష్టు 31వ తేదిని కుండపోత వానలో విజయవాడ మొగల్రాజపురమున కొండరాళ్లు ఇండ్లపై బడి ప్రాణనష్టము కలిగినది. అట్టి రాత్రి వాన వెలిసిన తరువాత పోదమని కూర్చుండరాదు.

సంఘమునుండి అప్పు కోరదలచినవారు ముందు ఎగువకాలువకు కావలసినంత మాత్రమే కోరుడు. కాలువను, చూరుదోనెను తొలకరికి ముందే ముగించి, బీటలకు సున్నపుబిళ్ళలు నంటించి తేదులు వేయుడు. వాననీరు తప్పించినమీదట ఎన్ని బిళ్ళలు పగులునో ఆ కార్తికమునకు తెలియును. పగిలిన బిళ్ళలున్న గోడక్రింద మాత్రమే మాఘ ఫాల్గునములలో, నేల ఆరినప్పుడు, గునపము వేయుడు.