అమ్మాయికి ఇన్-స్టేట్ ఫీజు వర్తిస్తుందా?

ప్రశ్న: ఉద్యోగరీత్యా గత ఏడాది జులైలో న్యూజెర్సీ నుంచి టెక్సస్‌లోని ఫ్రిస్కోకు వచ్చాం. మావారిది హెచ్-1బి, అమ్మాయిది హెచ్-4. ఈ ఆగస్టులో తను ఇక్కడి ప్రభుత్వ యూనివర్సిటీలో చేరితే ఇన్-స్టేట్ ఫీజు వర్తిస్తుందా?

జవాబు: అవకాశం బాగా ఉందమ్మా. గ్రీన్‌కార్డు లేదని వెనకాడకండి. హెచ్-1బి, హెచ్-4 వీసాలవారినీ టెక్సస్ స్థిరనివాసులుగా గుర్తిస్తుంది. అమ్మాయి మీ మీద ఆధారపడి ఉంది కనుక తల్లిదండ్రుల నివాసాన్నే చూస్తారు. సెమిస్టర్‌లో తరగతులు జరిగే 12వ రోజును సెన్సస్ డేట్ అంటారు. దానికి ముందు వరుసగా 12 నెలలు మీరు అక్కడ స్థిరపడి ఉండాలి. జులైలో వచ్చారు కాబట్టి ఏడాది నిండుతుంది.

చిక్కంతా రుజువుల దగ్గరే వస్తుంది. ఇంటి లీజు, ఏడాదిగా టెక్సస్‌లోనే పనిచేస్తున్నట్టు కంపెనీ లేఖ, అమ్మాయిని డిపెండెంట్‌గా చూపిన పన్ను రిటర్ను ఇప్పుడే తీసిపెట్టుకోండి. న్యూజెర్సీ డ్రైవింగ్ లైసెన్సులు ఇంకా మార్చుకోకపోతే వెంటనే మార్చుకోండి. దరఖాస్తులో నివాసం గురించిన ప్రశ్నలను అమ్మాయి ఒక్కతే నింపకుండా మీరూ పక్కన కూర్చోండి.

అమ్మాయికి 21 నిండితే హెచ్-4 ఉండదు. అప్పుడు ఎఫ్-1 విద్యార్థి వీసాకు మారితే, దాని మీద టెక్సస్‌లో స్థిరనివాసం ఏర్పరచుకోవడం కుదరదు. అందుకే వీసా మార్చే ముందే ఫీజు సంగతి యూనివర్సిటీని రాతపూర్వకంగా అడగండి.