గుల్షనాబాదు నేర్పే పాఠం : సేంద్రియ ఆహారం – సమాజ బాధ్యత

శ్రీకాకుళం పట్టణానికి ముస్లిం పాలనాకాలంలో గుల్షనాబాదు అనే పేరుండేది. పారసీక భాషలో ‘గుల్షన్’ అనగా పూలతోట, ‘ఆబాద్’ అనగా జనావాసం. కుతుబ్‌షాహీల ఫౌజుదారు షేర్ మహమ్మద్ ఖాన్ 1641లో కట్టించిన జామియా మసీదు ఆ కాలానికి సాక్షిగా నేటికీ నిలిచి ఉన్నది. అదే జిల్లాలో కొబ్బరి, జీడిమామిడి, పనస చెట్లతో నిండిన తీరప్రాంతాన్ని ఉద్దానం అంటారు. ‘ఉద్యానం’ అనే మాటే ఉద్దానమైనదని పెద్దలు చెబుతారు. ఒక పేరు పారసీకం నుండి, మరొకటి సంస్కృతం నుండి వచ్చినా రెండింటి అర్థమూ తోటయే.

తోటల పేర్లు పెట్టుకొన్న ఈ నేలపై నివసించే మనం మన పళ్లెంలోని కూర ఎక్కడ పండినదో, ఎవరు పండించారో, దానిపై ఏ మందు చల్లారో చెప్పలేని స్థితిలో ఉన్నాము. సేంద్రియ ఆహారం మంచిదని అందరూ అంగీకరిస్తారు. కాని దానిని పండించే రైతుకు అండగా నిలిచేదెవరు? ఈ ప్రశ్నకు సమాధానం దొరకనంతవరకు సేంద్రియ సేద్యం ఉపన్యాసాలలోనే పండుతుంది. ఆ సమాధానాన్ని అన్వేషించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

సేంద్రియ సేద్యమనగా నేమి?

కృత్రిమ రసాయనిక ఎరువులను, పురుగుమందులను వాడక, పశువుల గత్తం, ఆకులెరువు, పంటల మార్పిడి, మిశ్రమ పంటల ద్వారా భూసారాన్ని కాపాడుతూ పండించే పద్ధతి సేంద్రియ సేద్యం. ఇది మనకు విదేశాల నుండి దిగుమతి అయిన విద్య కాదు. ఆంగ్ల శాస్త్రవేత్త ఆల్బర్ట్ హోవార్డ్ భారతదేశంలోని పూసా, ఇందూరు పరిశోధన క్షేత్రాలలో పనిచేసి, ఇక్కడి రైతుల పద్ధతులను శ్రద్ధగా పరిశీలించి ‘ఇందూరు పద్ధతి’ అనే కంపోస్టు విధానాన్ని రూపొందించాడు. 1940లో వెలువడిన ఆయన గ్రంథం ‘యాన్ అగ్రికల్చరల్ టెస్టమెంట్’ పాశ్చాత్య దేశాలలో సేంద్రియోద్యమానికి మూలగ్రంథాలలో ఒకటైనది. అంతకు ఎన్నో శతాబ్దాల ముందే, 12వ శతాబ్దంలో స్పెయిన్‌లోని సెవిల్ నగరవాసి ఇబ్నుల్ అవ్వామ్ అరబ్బీ భాషలో ‘కితాబుల్ ఫిలాహా’ రచించి నేలల స్వభావాన్ని, ఎరువుల తయారీని, చెట్ల పెంపకాన్ని విపులంగా వివరించాడు. కాగా పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదన్నట్లు, మన విద్యను పరాయివారు మెచ్చినపిమ్మట గాని మనం గౌరవించలేదు.

ఆంధ్రదేశపు అనుభవం

ఈ రంగంలో మన రాష్ట్రానికి చెప్పుకోదగిన చరిత్ర ఉన్నది. ఖమ్మం ప్రాంతంలోని పునుకుల గ్రామరైతులు ప్రత్తిపంటపై పురుగుమందుల ఖర్చుకు, అప్పులకు విసిగి, వేప కషాయం వంటి పద్ధతులను ఆశ్రయించి 2004 నాటికి పురుగుమందులను పూర్తిగా విడిచిపెట్టారు. ఆ అనుభవం మహిళా స్వయం సహాయక సంఘాల ద్వారా ఇతర జిల్లాలకు వ్యాపించినది. 2016లో రైతు సాధికార సంస్థ ఆధ్వర్యాన ప్రకృతి వ్యవసాయ కార్యక్రమం రాష్ట్రమంతటా మొదలైనది. ఈ కార్యక్రమం 2024లో పోర్చుగల్ దేశపు గుల్బెంకియన్ మానవతా పురస్కారాన్ని మరి ఇద్దరితో కలిసి అందుకొన్నది. పార్వతీపురం ప్రాంతంలో ‘జట్టు’ సంస్థ గిరిజన గ్రామాలలో ఇట్టి సేద్యాన్ని ప్రచారం చేసినది.

మన విజయనగరంలోని వ్యవసాయ పరిశోధన స్థానం చోడి, సామ వంటి చిరుధాన్యాలపై కృషి చేస్తున్నది. అక్కడ రూపొందిన చోడి రకాలలో రెండింటికి చంపావతి, వేగావతి అని మన నదుల పేర్లే పెట్టారు. 100 గ్రాముల చోడిలో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. అంతే బియ్యంలో 10 మిల్లీగ్రాములకు మించదు. పేదవాని తిండి అని మనం చిన్నచూపు చూసిన చోడి అంబలే 2023 మార్చిలో రాగిజావ అనే పేరుతో రాష్ట్రంలోని ప్రభుత్వ పాఠశాలలలో ప్రవేశించినది. ఆదరించేవారుంటే మెట్టపొలపు గింజ ఎంతదూరం పోగలదో దీనివలన తెలుస్తున్నది.

రైతు ఎక్కడ ఆగిపోతున్నాడు?

ఇంత జరిగినా మన సంతలో సేంద్రియ కూరగాయలు ఎందుకు అరుదు? దీనికి మూడు కారణాలు.

మొదటిది దిగుబడి. 2012లో ‘నేచర్’ పత్రికలో వెలువడిన పరిశోధన ప్రకారం పంటను బట్టి, పద్ధతిని బట్టి సేంద్రియ సేద్యపు దిగుబడి రసాయనిక సేద్యం కంటె 5 నుండి 34 శాతం వరకు తక్కువగా ఉంటుంది. నేల తిరిగి సారం పుంజుకొనేవరకు మొదటి రెండు మూడేళ్లు గడ్డుకాలం. ఆ నష్టాన్ని ఒక్క రైతే భరించాలనడం న్యాయం కాదు. రెండవది నమ్మకం. మందు కొట్టని వంకాయకు, కొట్టిన వంకాయకు చూపులో తేడా లేదు. పుచ్చు ఉన్నదే మంచిదని కొనేవారు ఎంతమంది? మూడవది అమ్మకం. సంతకు తెచ్చిన సరుకు సాయంత్రానికి అమ్ముడుపోకపోతే కారుచౌకకు ఇచ్చివేయవలసినదే.

తొందరపాటు కూడా ప్రమాదకరమే. శ్రీలంక ప్రభుత్వం 2021లో రసాయనిక ఎరువుల దిగుమతిని ఒక్కసారిగా నిషేధించి, పంటలు దెబ్బతినగా అదే ఏడాది నవంబరులో నిషేధాన్ని ఎత్తివేయవలసి వచ్చినది. అదే విధంగా ప్రతి వ్యాధికీ రసాయనాలే కారణమని ప్రచారం చేయడమూ తగదు. ఉద్దానంలోని మూత్రపిండాల వ్యాధికి కారణం ఎన్ని పరిశోధనలు జరిగినా ఇంతవరకు నిర్ధారణ కాలేదు. మంచి ఉద్యమానికి అసత్యం అండ అవసరం లేదు.

కొనేవాడు భాగస్వామి కావడం

ఈ చిక్కుముడిని జపాను దేశీయులు విప్పిన తీరు అనుసరణీయం. అక్కడ 1971లో సేంద్రియ వ్యవసాయ సంఘం ఏర్పడినది. కొన్ని కుటుంబాలు కలిసి ఒక రైతును ఎంచుకొని, అతడు పండించినది తామే తీసుకొంటామని ముందుగా మాట ఇచ్చే ‘తెయికెయి’ పద్ధతి వ్యాపించినది. ఆ మాటకు భాగస్వామ్యమని అర్థం. పంట బాగా వస్తే అందరికీ ఎక్కువ, దెబ్బతింటే అందరికీ తక్కువ.

మన పరిస్థితికి దీనిని అన్వయించి ఒక చిన్న లెక్క వేద్దాము. అధ్యాపకుల, విద్యార్థుల కుటుంబాలు పాతిక కలిసి, వారానికి ఇంటికి 150 రూపాయల కూరగాయలు తీసుకొంటామని అనుకొందాము. వారానికి 3,750 రూపాయలు. ఏడాదికి 50 వారాల లెక్కన 1,87,500 రూపాయలు. ఇది పట్టణానికి సమీపాన ఉన్న ఇద్దరు ముగ్గురు చిన్న రైతులకు నిలకడైన ఆదరువు. ఒక నెల సొమ్ము ముందుగా ఇస్తే విత్తనానికి, కూలికి వారు అప్పు చేయనక్కరలేదు. రైతు నేరుగా అమ్మితే మధ్యవర్తి భాగం మిగులుతుంది. 1999 జనవరి 26న మన రాష్ట్రంలో మొదలైన రైతుబజార్ల సూత్రం కూడా ఇదే. సేంద్రియ ఆహారం ధనికుల విలాసంగా మారకుండా పేదవాని పళ్లెంలోనికి రావాలంటే ధర పెంచడం కంటె కొనుగోలును నిలకడగా ఉంచడమే మేలైన మార్గం.

నమ్మకం విషయానికి వస్తే, 2011లో భారత ప్రభుత్వం ‘పి.జి.ఎస్. – ఇండియా’ అనే భాగస్వామ్య హామీ విధానాన్ని ప్రారంభించినది. కనీసం ఐదుగురు రైతులు సంఘంగా ఏర్పడి ఒకరి పొలాన్ని మరొకరు తనిఖీ చేసుకొంటారు. మార్పిడి దశలోని పంటకు ‘గ్రీన్’, పూర్తిగా మారిన పంటకు ‘ఆర్గానిక్’ అనే గుర్తింపు లభిస్తుంది. ఈ ముద్రకంటె బలమైనది మరొకటి ఉన్నది. అది తినేవాడు నెలకొకసారి పొలానికి పోయి చూడడం. పొలం ముప్పై మైళ్లలోపల ఉన్నప్పుడే అది సాధ్యం. స్థానికత విలువ ఇక్కడే ఉన్నది.

పట్టణంలో సేద్యం

పట్టణవాసి కొనేవాడుగా మాత్రమే ఉండనక్కరలేదు. కథారచయిత తుమ్మేటి రఘోత్తమరెడ్డి హైదరాబాదులో తన ఇంటిమిద్దెపై కూరగాయలు పెంచి ‘మిద్దెతోట’ అనే భావనకు విశేష ప్రచారం కల్పించారు. వరి, పప్పుధాన్యాలు గ్రామం నుండే రావాలి; ఆకుకూరలు, మిరప, ఆనప, బీర, చిక్కుడు పెరటిలో సాధ్యమే. తోటకూర నాలుగు వారాలలో చేతికి వస్తుంది. మిద్దెపై మట్టి బరువు ఇంటికి ముప్పు కాకుండా సగం వరకు కొబ్బరిపొట్టు, కంపోస్టు కలపాలి. ఉద్దానం ఉన్న జిల్లాలో కొబ్బరిపొట్టుకు కొరత లేదు.

కంపోస్టుకు వంటింటి తొక్కలు ఒక పొర, ఎండుటాకులు రెండు పొరలు, కొద్దిగా పేడనీరు, తడిపి పిండిన గుడ్డకు ఉండేపాటి తేమ చాలును. పదిహేను రోజులకొకసారి తిరగవేస్తే రెండు మూడు నెలలలో నల్లని ఎరువు సిద్ధమవుతుంది. దుర్వాసన వస్తే తడి ఎక్కువైనదని గుర్తించి ఎండుటాకులు కలపాలి.

ద్రవ జీవామృతం ఎకరాకు 200 లీటర్ల నీరు, 10 కిలోల పేడ, 10 లీటర్ల పశుమూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుపిండి, గుప్పెడు మట్టి లెక్కన తయారవుతుంది. ఐదు సెంట్ల కళాశాల తోటకు ఇందులో ఇరవయ్యో వంతు, అనగా 10 లీటర్ల నీరు, అరకిలో పేడ, అరలీటరు మూత్రం, నూరేసి గ్రాముల బెల్లం, పిండి, చిటికెడు మట్టి చాలును. రెండు రోజులు నీడలో ఉంచి, ఉదయం సాయంత్రం కలియబెట్టి, వారంలోగా మొక్కల మొదట్లో పోయాలి. పచ్చిగా తినే ఆకులపై పేడనీరు చల్లరాదు. మురుగుకాలువ నీటిని ఏ పాదుకూ పెట్టరాదు.

హలాల్ – తయ్యిబ్

ఖుర్ఆన్ ఆహారాన్ని గురించి చెప్పేటప్పుడు ‘హలాల్’ అనే మాట ప్రక్కనే ‘తయ్యిబ్’ అనే మాటను చేర్చినది. హలాల్ అనగా ధర్మసమ్మతం. తయ్యిబ్ అనగా శుద్ధమైనది, మేలైనది. మొదటిదానిపై మనకెంతో పట్టింపు ఉన్నది, అది ఉండవలసినదే. రెండవదానిని గురించి కూడా అంతే పట్టింపుతో విచారించవద్దా? చెట్టు నాటడాన్ని, పైరు వేయడాన్ని ప్రవక్త (స) సదఖా కోవలో చేర్చారు. ఆ ఫలం పక్షి తిన్నా పుణ్యమే. పారే నది ఒడ్డున వుజూ చేసినా నీరు వృథా చేయరాదన్నది మనకు అందిన బోధ.

ఈ బోధను ఆచరణలో పెట్టడానికి మసీదు ఆవరణ చక్కని చోటు. వుజూ నీటిలో సబ్బు కలవదు. మనిషికి మూడు లీటర్లనుకొన్నా శుక్రవారపు నమాజుకు నూరుమంది వస్తే మూడువందల లీటర్లు కాలువ పాలవుతున్నవి. ఒక చిన్న తూము ద్వారా ఆ నీటిని మునగ, కరివేపాకు, అరటి మొక్కలకు మళ్లిస్తే ఇరుగుపొరుగు ఇళ్లకు, వారు ఏ మతస్థులైనా, కూరాకు అందుతుంది.

మన కర్తవ్యం

విద్యార్థులారా! ఇది కేవలం వృక్షశాస్త్ర పాఠం కాదు. వాణిజ్యశాస్త్ర విద్యార్థులు పైన చెప్పిన పాతిక కుటుంబాల ఖాతా వ్రాయగలరు. విజ్ఞానశాస్త్ర విద్యార్థులు మట్టిని పరీక్షింపజేసి ఫలితాలను నమోదు చేయగలరు. తెలుగు, ఉర్దూ విద్యార్థులు ఇంటిలోని పెద్దలను అడిగి మరుగైపోతున్న విత్తనాల, వంటకాల పేర్లను రెండు భాషలలోను సేకరించగలరు.

కళాశాల కమిటీ పెద్దలకు మూడు విన్నపాలు. ఆవరణలో ఐదు సెంట్ల స్థలాన్ని తోటకు కేటాయించండి. వారానికి ఒక సాయంత్రం సమీప రైతులకు కళాశాల వాకిట సరుకు అమ్ముకొనే వీలు కల్పించండి. వార్షికోత్సవపు విందులో ఒక వంటకమైనా ఆ రైతుల పంటతో చేయించండి. వీటికి పెద్ద నిధులు అక్కరలేదు. మూడు సంవత్సరాల పట్టుదల కావాలి. నేల కోలుకొనడానికి పట్టే కాలమూ దాదాపు అంతే. ఆ మూడేళ్లు మనం రైతు చేయి విడువకపోతే, పిమ్మట ఆ నేలయే అతనికి, మనకు కూడా అన్నం పెడుతుంది.