తీగ ఒకటి దించితే శ్రుతంతా చెదురుతోంది

ప్రశ్న: నా ఎలక్ట్రిక్ గిటార్‌కు ఫ్లాయిడ్ రోజ్ బ్రిడ్జి ఉంది. లావు తీగను ఈ నుంచి డీకి దించితే మిగతావన్నీ తప్పుతున్నాయి. బ్రిడ్జిని బిగించేయవచ్చా?

జవాబు: బిగించవచ్చు, కానీ పూర్తిగా వద్దు. ఈ బ్రిడ్జి ఒకవైపు తీగలు, మరోవైపు వెనక గూట్లోని స్ప్రింగులు లాగుతుంటే మధ్యలో నిలబడుతుంది. ఒక తీగ వదులైతే స్ప్రింగులది పైచేయి అవుతుంది. బ్రిడ్జి వెనక్కి వాలి, మిగతా ఐదు తీగల శ్రుతి పెరిగిపోతుంది. తీగ తెగినా ఇదే గొడవ.

వెనక మూత విప్పండి. బ్రిడ్జి నుంచి కిందికి దిగిన లోహపు దిమ్మ కనిపిస్తుంది. గిటార్ శ్రుతిలో ఉండి, బ్రిడ్జి బాడీకి సమాంతరంగా ఉన్నప్పుడు, ఆ దిమ్మకూ మెడ వైపు గోడకూ మధ్య ఖాళీ కొలవండి. సరిగ్గా అంతే మందమున్న గట్టి చెక్కముక్కను స్ప్రింగుల కిందుగా అక్కడ అమర్చండి. మందం కాస్త ఎక్కువైనా శ్రుతి మారిపోతుంది, కాబట్టి గరుకు కాగితంతో ఓపిగ్గా అరగదీయండి. తరవాత స్ప్రింగులు తగిలించిన పట్టీ స్క్రూలను కొద్దిగా బిగించండి.

ఇక బ్రిడ్జికి ఉండే బార్ కిందికి నొక్కితే పనిచేస్తుంది, పైకి లాగడం మాత్రం ఉండదు. రాక్ గిటారిస్టు ఎడ్డీ వాన్ హేలెన్ కూడా తన బ్రిడ్జిని కిందికి మాత్రమే దిగేలా పెట్టుకునేవారు. రెండోవైపు కూడా ముక్క పెడితే బ్రిడ్జి అసలు కదలదు, బార్ ఉండీ లేనట్టే. చెక్కకు జిగురు మాత్రం పూయకండి.