ఊరి పటానికి తుది మెరుగులు

పిల్లలు చేత్తో గీసిన ఊరి పటం కంప్యూటర్‌లోకి ఎక్కిందంటే సగం పని అయినట్టే. రంగులు, టెక్స్చర్లు, అక్షరాలు, సూచిక మిగిలి ఉంటాయి. ఈ మిగిలిన సగాన్ని చాలామంది అలంకారం అనుకుంటారు. కానీ పటం గోడ మీదికి వచ్చాక, బోరు ఎక్కడ వేయాలో, ఏ సందులో మురుగు కాలువ కట్టాలో దాతలూ పంచాయతీ పెద్దలూ దాని ముందు నిలబడే మాట్లాడుకుంటారు. నీలం రంగు ఒక్కచోట తప్పుగా పడితే డబ్బు వేరే చోటికి పోతుంది. అందుకే తుది మెరుగులను మేము పాఠంగానే చెబుతాం. ఆ క్రమం ఇది.

1. శుభ్రమైన ప్రతి

డ్రాయింగ్ షీటు స్కానర్‌లో పట్టకపోతే పగటిపూట నీడలో నేల మీద పరచి, సరిగ్గా పైనుంచి ఫోటో తీయాలి. పక్కనుంచి తీస్తే వీధులు వంకరపోతాయి. ఏ3 సైజులో 300 డీపీఐతో ముద్రించాలంటే సుమారు 3508 x 4961 పిక్సెళ్లు కావాలి. జింప్, క్రీటా రెండూ ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్లే. వాటిలో కాగితపు మసకను తెల్లగా, గీతను నల్లగా సరిచేసుకోవాలి.

2. పొరలు

అన్నీ ఒకే పొరలో వేస్తే తర్వాత ఏదీ దిద్దలేం. అడుగున నేల, దానిపై నీరు, తర్వాత దారులు, ఇళ్లు, అన్నిటికన్నా పైన అక్షరాలు. పిల్లలు గీసిన గీతల పొరకు ‘మల్టిప్లై’ అనే పద్ధతి ఎంచుకుంటే తెలుపు మాయమై నల్ల గీత మాత్రమే నిలుస్తుంది. కింద ఎన్ని రంగులు మార్చినా పిల్లల చేతిరాత చెక్కుచెదరదు.

3. టెక్స్చర్ ఇంట్లోనే ఉంది

టెక్స్చర్ అంటే నేలకూ గోడకూ ఉండే గరుకు, అల్లిక. ఇంటర్నెట్‌లో దొరికే పాతకాలపు తోలు కాగితం మరకలు వేస్తే పటం పురాతనంగా కనిపిస్తుంది గానీ అక్షరాలు మరకల్లో కలిసిపోతాయి. మేము పిల్లల చేత చాట మీద పలుచని కాగితం పెట్టించి పెన్సిల్‌తో రుద్దిస్తాం. అల్లిక అలాగే దిగుతుంది. అది దున్నిన మెట్ట చేనుకు సరిపోతుంది. గోనెసంచి బీడు భూమికి, గరుకు బండ రాతి నేలకు, వేపాకు తోపుకు పనికొస్తాయి. వీటిని స్కాన్ చేసి, ఆయా జాగాల్లో 30 శాతం గాఢతతో పరిస్తే చాలు.

ఇక్కడ రెండు నియమాలు. ఒక టెక్స్చర్‌కు ఒకే అర్థం. చేనుకు వాడిన అల్లికను ఇంటి పైకప్పుకు వాడితే చూసేవారు తికమకపడతారు. రెండోది పరిమాణం. వరి గీతలు ఇళ్లకంటే పెద్దవైతే ఊరు బొమ్మరిల్లులా తయారవుతుంది.

గుట్టకు, చెరువు కట్టకు నీడ వేసేటప్పుడు వెలుగు ఎడమ పైమూల నుంచి పడుతున్నట్టు వేయాలి. కింది నుంచి వేస్తే మన కంటికి గుట్ట గుంటలా కనబడుతుంది.

4. నీటి విషయంలో నిజం

సర్వే ఆఫ్ ఇండియా పటాల్లో నీరున్న వాగు నీలంగా, ఎండిన వాగు నల్లగా ఉంటుంది. మనమూ ఆ తేడా పాటించాలి. వానాకాలంలో నిండి వేసవిలో ఎండే చెరువును మొత్తం నీలంతో నింపితే, ఊరికి ఏడాదంతా నీళ్లున్నాయని చూసేవారు నమ్ముతారు. వేసవిలో నీరు నిలిచేంత మేరకే నీలం వేసి, వానాకాలపు హద్దును చుక్కల గీతతో చూపాలి. వానకు మునిగే సందును, ఈద్‌గాకు గానీ శ్మశానానికి గానీ వెళ్లే బురద దారిని కూడా ఉన్నది ఉన్నట్టు చూపాలి. బడికి పిల్లలు నడిచే కాలిబాట వంకరగా ఉందని దాన్ని చెరిపేయకూడదు.

5. అక్షరాలు

యూనికోడ్ తెలుగు ఫాంటే వాడాలి. మండలి, రామభద్ర వంటివి ఉచితం. తెలుగుకు కింద ఒత్తులు, పైన గుడులు ఉంటాయి కాబట్టి వరుసల మధ్య ఖాళీ వదలాలి. ఉర్దూ పేర్లు కూడా రాస్తే నస్తాలీఖ్ లిపి ఏటవాలుగా దిగుతుంది కనుక ఇంకా ఎక్కువ ఎత్తు కావాలి. అక్షరాల వెనుక టెక్స్చర్‌ను పలుచన చేస్తే ముసలివారు కూడా చదవగలరు.

6. దిక్కు, కొలత, తేదీ

1154లో సిసిలీ రాజు రెండవ రోజర్ కోసం అల్ ఇద్రీసీ తయారుచేసిన ప్రపంచ పటంలో దక్షిణం పైన ఉంటుంది. ఏ దిక్కు పైన ఉండాలన్నది వాడుకను బట్టి వస్తుంది. అందుకే బాణం గుర్తు తప్పనిసరి. అడుగులతో కొలిచి గీసిన పటమైతే ‘కొలతకు గీసినది కాదు’ అని రాయాలి. అది భూమి హద్దులకు సాక్ష్యం కాదని కూడా చేర్చాలి. సర్వే చేసిన నెల, సంవత్సరం వేయాలి.

7. చూపకూడనివి

పిల్లలు ఇల్లిల్లూ తిరిగేటప్పుడు ఒంటరి స్త్రీల ఇళ్లు, సాయం అందుకునే కుటుంబాలు కూడా రాసుకొస్తారు. ఆ వివరాలు సంఘం పనికి అవసరమే కావచ్చు, గోడ మీదికి మాత్రం రాకూడదు. ఆ పొరను కనబడకుండా ఆపితే చాలదు. ఫైలు తెరిచినవారు మళ్లీ చూడగలరు. ముద్రణ ప్రతిలోంచి ఆ పొరను పూర్తిగా తీసేసి, పొరలు లేని పీఎన్‌జీ ఫైలుగా మార్చి ప్రెస్సుకు ఇవ్వాలి. గుట్టుగా సాయం చేయడం మన పెద్దలు నేర్పిన మర్యాద. మన పటమే ఆ గుట్టును రట్టు చేయకూడదు.

8. ముద్రణకు ముందు

ముందుగా ఏ4లో నలుపు తెలుపు జెరాక్స్ తీయాలి. రంగులు పోయినా చేను, బీడు, నీరు వేరుగా తెలిస్తే టెక్స్చర్లు సరిగా కుదిరినట్టు. తర్వాత ఆ కాగితాన్ని అన్ని పేటలకూ తీసుకెళ్లి, అక్షరం రాని ఒక పెద్దావిడను తన ఇల్లు చూపించమని అడగాలి. ఆమె వేలు సరైన చోట ఆగితే ఫ్లెక్సుకు పంపవచ్చు. పొరలున్న అసలు ఫైలు బడిలోనే ఉంచితే ఏటేటా దిద్దుకోవచ్చు.

ఇలాంటి పటానికి ముద్రణ ఖర్చు భరించే దాతలు మూడు ప్రశ్నలు అడగాలని మా మనవి. ఊరి చివరి పేట ఇందులో ఉందా? వేసవి నీరు నిజంగా ఇంతేనా? ఎవరి గుట్టయినా బయటపడుతోందా? ఈ మూడింటికీ సరైన జవాబు వచ్చాకే రంగులు బాగున్నాయని పిల్లలను మెచ్చుకోండి.