చక్కెర వ్యాధి – డబ్బా పొడులు
(సంఘ సభ్యుల కొరకు పాఠము)



గత మాసంలో ఒక సంఘానికి లెక్కల తనిఖీకి వెళ్లినపుడు అక్కడ పాల బిల్లులు పంచుతున్నారు. బిల్లు అందుకొన్న ఒక సభ్యురాలు 1,200 రూపాయలు లెక్కపెట్టి కొంగున ముడి వేసుకొన్నది. "దేనికమ్మా?" అని అడిగాను. "మా ఆయనకి షుగరండి. పొడి డబ్బా కొనాలి. ఇది వాడితే బిళ్లలు అక్కరలేదన్నారు, ఆయన మానేశారు" అన్నది.

లీటరుకు 50 రూపాయల చొప్పున చూచినా ఆ డబ్బా ఖరీదు 24 లీటర్ల పాలు. డబ్బు పోవుట ఒక నష్టం. బిళ్లలు మానుట అంతకు మించిన నష్టం. దానిని స్వయంగా అనుభవించినవాడిని గనుక ఈ పాఠం వ్రాస్తున్నాను.

భారత వైద్య పరిశోధనా మండలి తోడ్పాటుతో జరిగి 2023లో వెలువడిన సర్వే ప్రకారం మన దేశంలో చక్కెర వ్యాధి గలవారు సుమారు 10 కోట్ల 10 లక్షల మంది. వ్యాధికి చేరువలో ఉన్నవారు మరి 13 కోట్ల 60 లక్షల మంది. కనుక ఇది పట్నంవారి జబ్బు మాత్రమే అనుకొనుట పొరపాటు.

1. అనుబంధ ఆహారమంటే ఏమి?

పాలిచ్చే గేదెకు మనం ఖనిజ లవణ మిశ్రమం పెడతాము. అది మేతకు, దాణాకు తోడు. మేత మాన్పించి మిశ్రమం ఒక్కటే పెట్టే రైతు లేడు. పొదుగువాపు వస్తే మిశ్రమం మరికొంత వేసి ఊరుకోము, పశువైద్యుని పిలుస్తాము. మనిషికీ ఇదే సూత్రం. విటమిను బిళ్లలు, ప్రొటీను పొడులు, మూలికల పొడులు అనుబంధాలు. లోపమున్న చోట లోపాన్ని తీర్చవచ్చు. మందు చేయవలసిన పనిని అవి చేయలేవు.

2. పరీక్ష లేనిదే తెలియదు

పాలను కంటితో చూచి వెన్న శాతం చెప్పలేము. నేను ఉద్యోగంలో చేరిన రోజులలో ఆమ్లం పోసి బ్యూటిరోమీటరు తిప్పేవారు. నేడు యంత్రం క్షణాలలో చెప్తుంది. రెండింటిలోనూ పరీక్ష లేకుండా బిల్లు లేదు. అట్లే "ఒళ్లు తేలికగా ఉన్నది" అన్నంత మాత్రాన చక్కెర తగ్గినట్లు కాదు. ఈ అంకెలు గుర్తుంచుకొనవలెను.

పరగడుపున (కనీసం 8 గంటలు ఏమీ తినకుండా), 100 మి.లీ. రక్తంలో: 100 మి.గ్రా. లోపు సాధారణం. 100 నుండి 125 వరకు హెచ్చరిక. 126, ఆ పైన వ్యాధి.

మూడు నెలల సగటు (హెచ్‌బిఎ1సి): 5.7 శాతం లోపు సాధారణం. 5.7 నుండి 6.4 వరకు హెచ్చరిక. 6.5, ఆ పైన వ్యాధి.

బాధలేమీ లేనివారికి ఒకసారి ఎక్కువ వస్తే మరల పరీక్ష చేసి నిర్ధారించుకొనవలెను.

3. నా అనుభవం

ఆరేండ్ల క్రితం నాకు పరగడుపున 212 వచ్చినది. డాక్టరుగారు మెట్‌ఫార్మిన్ బిళ్లలు వ్రాశారు. ఏడాది క్రమంగా వాడితే 120కి దిగినది. అపుడు ఒక సంతలో పొడి కొన్నాను. అమ్మినవాడు బిళ్లలు మానమన్నాడు, మానాను. రెండు నెలలు ఏ బాధా తెలియలేదు. ఊరూరా కొలతలు తనిఖీ చేసే నేను నా కొలత చూచుకోలేదు.

ఒక పాల కేంద్రంలో క్యాను అంచు తగిలి కాలి బొటనవేలు గీరుకున్నది. నొప్పి లేదు గనుక పట్టించుకోలేదు. పది రోజులకు వేలు వాచి నల్లబడినది. ఆసుపత్రిలో చూస్తే చక్కెర 318. పందొమ్మిది రోజులు మంచం మీద ఉన్నాను. వేలి చివర తీసివేశారు. పొడి అమ్మినవాడు ఆ సంతలో మరల కనిపించలేదు.

4. మెంతులు, కాకర

"వంటింటి మెంతులు కూడా చెడ్డవేనా?" అని సభ్యులు అడుగుతారు. కాదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు 1990లో ప్రకటించిన పరిశోధనలో మెంతిపిండితో పరగడుపు చక్కెర తగ్గినది. అయితే వారు ఇచ్చినది కొవ్వు తీసిన పిండి, రోజుకు 100 గ్రాములు. చెంచాడు మెంతుల నుండి అంత ఫలితం ఆశించరాదు. మెంతులు కూరలో, మజ్జిగలో వాడుకొనవచ్చు, బిళ్ల మాత్రం మానరాదు.

ఇన్సులిన్ గాని, కొన్ని రకాల బిళ్లలు గాని వాడేవారు కాకర రసం, ఆకుపొడులు అధికంగా తీసుకొంటే చక్కెర మరీ పడిపోవచ్చును. చెమట, వణుకు, ఆకలి, తికమక దీని గుర్తులు. 70 కంటె తగ్గితే వెంటనే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి త్రాగి, 15 నిమిషాలకు మరల పరీక్షించవలెను. స్పృహ లేనివారి నోట ఏమీ పోయక ఆసుపత్రికి చేర్చవలెను.

5. అనుబంధం నిజంగా అవసరమైన చోటు

మెట్‌ఫార్మిన్ ఏండ్ల తరబడి వాడేవారిలో కొందరికి బి12 విటమిను తగ్గుతుంది. కాళ్ల తిమ్మిర్లు, నీరసం వస్తాయి. చక్కెర వలన వచ్చే తిమ్మిర్లూ ఇట్లే ఉంటాయి గనుక రక్త పరీక్షతోనే తేల్చుకొనవలెను. లోపముంటే డాక్టరు చెప్పిన బిళ్ల వాడవలెను.

శాకాహారులకు బి12 ముఖ్యంగా పాలు, పెరుగు, మజ్జిగల నుండే అందుతుంది. అయినను రెండు పూటల పాలూ కేంద్రానికి పోసి ఇంట్లో డికాక్షను త్రాగే కుటుంబాలను నేను ఎరుగుదును. అమ్మే పాలలో ఇంటి వాటా ముందు తీయవలెను. ఒక గ్లాసు (200 మి.లీ.) పాలలో సహజమైన చక్కెర సుమారు 10 గ్రాములు ఉన్నది. కనుక పైన పంచదార వేయరాదు, గేదె పాలైతే మీగడ తీయవలెను. "బలం" పేరుతో అమ్మే పొడులలో అనేకం చక్కెర కలిపినవే. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు ప్రొటీను పొడులను డాక్టరును అడగకుండా ముట్టరాదు.

6. డబ్బా మీద ఏమి చూడవలెను?

మన పాల ప్యాకెట్టు మీద ఉండే 14 అంకెల ఆహార లైసెన్సు నెంబరు అనుబంధ ఆహారం డబ్బా మీద కూడా ఉండవలెను. ఔషధంగా వాడుటకు కాదన్న హెచ్చరికను కూడా 2016 నిబంధనల ప్రకారం ముద్రించవలెను. చక్కెర వ్యాధిని నయం చేస్తామని మందులకు ప్రకటన ఇచ్చుట 1954 నాటి చట్టం ప్రకారం నేరం. "పూర్తిగా పోతుంది" అన్న మాట వింటే అక్కడే ఆగవలెను. మూలికలని అమ్మే కొన్ని పొడులలో చెప్పకుండా ఇంగ్లీషు మందు కలిపిన సంగతులు పరీక్షలలో బయటపడినవి.

7. పాదాలు

కొట్టంలో, చేలో చెప్పులు లేకుండా తిరుగరాదు. ప్రతి రాత్రి పాదాలు కడిగి, తుడిచి, వేళ్ల సందులు చూచుకొనవలెను. పుండు చిన్నదైనా మరునాడే చూపించవలెను.

సంఘం చేయగల పని

ఉదయం పాలు పోయ వచ్చేవారు చాలామంది పరగడుపునే వస్తారు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం సిబ్బందిని ఆ వేళకు పిలిపిస్తే 30 ఏండ్లు దాటిన సభ్యులందరికీ పరీక్ష జరుగుతుంది. పరీక్ష, సాధారణ బిళ్లలు అక్కడ ఉచితం. పాలకవర్గం తీర్మానం చేసి తేదీ నిర్ణయించవలెను.

మొదట చెప్పిన సభ్యురాలు మరునాడే భర్తను ఆరోగ్య కేంద్రానికి తీసుకొనిపోయినది. పరగడుపున 286. బిళ్లలు మరల మొదలు పెట్టారు. ఆ 1,200 రూపాయలు దాణా బాకీకి జమ చేసినట్లు కార్యదర్శి చెప్పారు.

సమావేశంలో చర్చించవలసిన ప్రశ్నలు

1. మన సంఘ సభ్యులలో ఈ ఏడాది చక్కెర పరీక్ష చేయించుకొన్నవారెందరు?
2. పొడులు నమ్మి బిళ్లలు మానినవారున్నారా? వారికి ఎవరు చెప్పవలెను?
3. పోసే పాలలో ఇంటికి ఎంత ఉంచుకొనుచున్నాము?