సీతాఫలం ఎందుకు పేలింది?

1971లో రే మీకర్, డెబొరా స్మిత్ గోల్డెన్ బ్రిడ్జ్ పాటరీని స్థాపించాక పుదుచ్చేరి సిరామిక్ కళాకారులకు నెలవైంది. అక్కడికి బదిలీ అయినప్పుడు నేనూ మా అమ్మాయీ ఆదివారాలు మట్టిపని నేర్చుకున్నాం.

పాప సీతాఫలం ఎంచుకుంది. ఒక్కో కన్నూ అతికించడానికి మూడు వారాలు పట్టింది. లోపలి మట్టి తోడేయాలని గురువుగారు చెప్పినా, "కనబడనిదానికి అంత శ్రమెందుకమ్మా?" అన్నాను. సమయం ఆదా చేయడమే కదా నా మేనేజ్‌మెంటు చదువు!

బట్టీలో అది పేలిపోయింది. పాప ఏడవలేదు, మౌనంగా ముక్కలు ఏరుకుంది. నాకదే ఎక్కువ బాధనిపించింది.

మందపాటి ముద్ద పైకి ఆరినట్టున్నా లోపల తడి ఉంటుంది. వేడి 100 డిగ్రీలు దాటితే ఆ నీరు ఆవిరై, దారి దొరక్క ముద్దను బద్దలు కొడుతుంది. అందుకే మట్టి కాస్త గట్టిపడగానే తీగతో రెండు చెక్కలుగా కోసి, గోడ అంతటా ఒకే మందం ఉండేలా తోడి, మళ్ళీ అతకాలి. అతుకు దగ్గర గీతలు గీసి జారుమట్టి పూయాలి. అడుగున చిన్న రంధ్రం తప్పనిసరి. తర్వాత నిదానంగా ఆరబెట్టాలి. ఎండిన సొరబుర్ర కూడా లోపల బోలే కదా!

రెండో సీతాఫలానికి పాప నన్ను కళ్ళు అతికించనివ్వలేదు. చెంచా చేతికిచ్చి, లోపలి మట్టి తోడమంది.